క్యూ డ్రైవ్ ఎవరిది?

ఆ రోజు పొద్దున ఏజెంట్ విజయ్ మీదికి మూడు బుల్లెట్లు వచ్చాయి. మూడూ గురి తప్పాయి. బుల్లెట్ల మీద అతనికి ఏ కోపమూ లేదు, వాటి ధర్మం అవి నెరవేర్చాయి. తల ప్రాణం తోకకు తెచ్చింది మాత్రం బొటనవేలంత పెన్ డ్రైవ్ ఒకటి. దూరంగా మాట్లాడుకునే గుసగుసని చెవిలో వినిపించే చొక్కా గుండీ అతని దగ్గర ఉంది. మనిషిని క్షణంలో నిద్రపుచ్చే పెన్ను ఉంది. చీకట్లో దారి చూపే కళ్ళద్దాలున్నాయి. ఆ పెన్ డ్రైవ్ తెరిచే దిక్కు మాత్రం లేకపోయింది.

మొదలైంది ఎమ్మిగనూరులో, ఒక చేనేత చీరల దుకాణంలో. హుబ్లీ నుంచి టోకున కొనడానికి వచ్చిన వ్యాపారి వేషంలో విజయ్ పరుపు మీద బాసింపట్టు వేసుకుని కూర్చున్నాడు. దుకాణదారు చీర మీద చీర విసురుతున్నాడు. చెవిలో దాచిన ఇయర్‌పీస్‌లో చీఫ్ రాజేశ్వరమ్మ గొంతు బ్రీఫింగ్ ఇస్తోంది.

"ఆపరేషన్ గులాబీ పురుగు. టార్గెట్ ఆదోని పత్తి మార్కెట్ యార్డు. డివైస్‌లో ఫాస్ఫరస్. ఒక పత్తి మూటలో దాచారు, ఏ మూటో తెలీదు. ఇవాళ పదకొండింటికి వేలం గంట. గంట మోగి జనమంతా షెడ్డులో చేరాక రిమోట్ నొక్కుతారు."

"యార్డు ఖాళీ చేయిస్తే?" విజయ్ చీర అంచు చూస్తున్నట్టు తల వంచి గొణిగాడు.

"రిమోట్ ఉన్నవాడు యార్డులోనే తిరుగుతున్నాడు. జనం కదిలినా, పోలీసు జీపు కనిపించినా అప్పటికప్పుడు నొక్కేస్తాడు. అందుకే ఒక్కడివే వెళ్తున్నావు."

"ఎవరి పని?"

"విదేశీ ముఠా. ఒక యార్డు కాలితే ప్రమాదం అంటారు. వరసగా నాలుగు కాలితే మన పత్తిని కొనడానికి ఏ దేశమూ ముందుకు రాదు. వాళ్ళ లెక్కలో మొదటిది ఆదోని. ఏ మూటో చెప్పే ఫైల్ మాధురి తెస్తోంది."

విజయ్ చేతిలోని చీర అంచు వదిలేశాడు. "మేడం, ఆ యార్డులో మా అమ్మ పత్తి ఏరే పనికి పోతుంది."

"తెలుసు. నీకున్నంత తొందర ఇంకెవరికీ ఉండదని నిన్నే పంపుతున్నా."

అప్పుడే దుకాణంలోకి సెంటు వాసన వచ్చింది, దాని వెనకాల మాధురి వచ్చింది. నెమలికంఠం రంగు చీర, నల్ల కళ్ళద్దాలు. ముఠా ఆమెను తమ మనిషి అనుకుంటుంది. ఆమె జీతం మాత్రం రాజేశ్వరమ్మ దగ్గర. వెనకే కాపలాగా ఒక పొడుగాటి మనిషి, గడప దగ్గర నిలబడ్డాడు. మాధురి ఒక చీర చేతిలోకి తీసుకుంది.

"దీనికి జోడీ ఉందా?"

"జోడీ ఆదోనిలో ఉంది. ఇక్కడున్నది ఒంటిదే," అన్నాడు విజయ్. కోడ్ సరిపోయింది.

"అయితే మీరే ఉంచుకోండి." చీర అతని ఒళ్ళో పడేసింది. మడతలో గట్టిగా ఏదో తగిలింది. పెదాలు కదలకుండా అంది. "బాస్ కంప్యూటర్ నుంచి కాపీ చేశాను. తెరిచి చూసే టైం దొరకలేదు. ఫైల్ విప్పే ప్రోగ్రాం కూడా దాంట్లోనే ఉంది, కంప్యూటర్‌కి పెడితే చాలు."

పెడితే చాలట! ఆ మాట తర్వాత ఆ పూటంతా విజయ్ చెవిలో గింగురుమంటూనే ఉంది.

చీర చంకన పెట్టుకుని లేచి, పొడుగు మనిషి పక్కనుంచి నింపాదిగా వీధిలోకి దిగాడు. అలాగే పోయేవాడే, గండం గడిచేదే. వెనకనుంచి దుకాణదారు కేక వేశాడు.

"సారూ! యాడికి పోతాండావు సారూ? చీరకు దుడ్లు!"

ట్రైనింగ్‌లో అన్నీ నేర్పారు. దుకాణంలో సరుకు తీసుకుంటే డబ్బులివ్వాలని మాత్రం ఎవరూ నేర్పలేదు. పొడుగు మనిషి వెనక్కి తిరిగాడు. చేతిలో సైలెన్సర్ బిగించిన పిస్టల్. మొదటి బుల్లెట్ బండి మీది సోడా సీసాను పేల్చింది. రెండోది దండెం మీది తువ్వాలు చీల్చుకుని పోయింది. మూడోది ఎటు పోయిందో దానికే తెలియదు. విజయ్ వెనక్కి దూకి పెన్ను మూత తీశాడు. బుస్సుమంది. పొడుగు మనిషి అరుగు మీద పసిబిడ్డలా ముడుచుకుని పడుకున్నాడు. మాధురి పక్క సందులో మాయమైంది. విజయ్ మోటార్ సైకిల్ ఎక్కి ఆదోని రోడ్డు పట్టాడు.

ఊరు దాటాక ఒక కల్వర్టు దగ్గర ఆగి, బ్యాగులోంచి డిపార్ట్‌మెంట్ ల్యాప్‌టాప్ తీసి పెన్ డ్రైవ్ పెట్టాడు. తెర మీద ఎర్ర పెట్టె వెలిగింది. భద్రతా కారణాల రీత్యా ఈ కంప్యూటర్‌లో బయటి పరికరాలు నిషేధం. మీ అడ్మినిస్ట్రేటర్‌ను సంప్రదించండి.

సంప్రదించాడు.

"గుడ్ మార్నింగ్ సర్, హెల్ప్ డెస్క్. టికెట్ రెయిజ్ చేశారా?"

"టికెట్ ఏంటయ్యా! యూఎస్‌బీ తెరువు, అంతే. మనుషులు చస్తారు!"

"అర్థమైంది సర్. ప్రయారిటీ ఏం పెట్టమంటారు? లో, మీడియం, హై?"

"హై! హై కంటే ఇంకేమన్నా ఉంటే అది!"

"హై అంటే మీ పై ఆఫీసర్ అప్రూవల్ మెయిల్ రావాలి సర్. మెయిల్ వచ్చాక కమిటీకి వెళ్తుంది."

రాజేశ్వరమ్మకు చెప్పాడు. ఆమె అరిచింది. ఆమె అరుపుకి ఢిల్లీలో కిటికీలు అదిరాయేమో గానీ హెల్ప్ డెస్క్ అదరలేదు. ఆ అరుపు కూడా మెయిల్‌లో పంపమంది. దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడని ఊరికే అన్నారా! ఫోన్‌కి తగిలిద్దామంటే ఫోనూ అదే ఆఫీసుది, దానిదీ అదే బుద్ధి. ఊళ్ళోకి పోయి నెట్ సెంటర్ వెతికే సమయం లేదు. యార్డులో కంప్యూటర్లున్నాయి. యార్డుకే పోవాలి. ల్యాప్‌టాప్‌ను తుమ్మచెట్ల మధ్యకి విసిరేయాలన్నంత కోపం వచ్చింది. విసిరితే దానికీ ఫారం నింపాలని గుర్తొచ్చి బ్యాగులో కుక్కాడు.

యార్డు గేటు ముందు పత్తి లారీలు తోకలు కలిపి నిలబడి ఉన్నాయి. విజయ్ వ్యాపారి వేషం బొట్టు చెరిపేసుకుని, మెడలో కంప్యూటర్ కంపెనీ సర్వీస్ ఇంజనీర్ కార్డు వేసుకుని, లారీల సందుల్లోంచి లోపలికి దూరాడు. షెడ్డు నిండా పత్తి. తెల్లటి రాశులు, వాటి చుట్టూ మూటలు, మూటల మీద మనుషులు. బీడీ ముట్టిస్తే జరిమానా వేసే చోటు అది. అక్కడ ఫాస్ఫరస్!

"ఏమ్రా ఇజయ్! నువ్వెప్పుడొచ్చినావురా ఈడికి?"

సారమ్మ. తలకు గుడ్డ చుట్టుకుని, కనుబొమల మీద నూగు పేరుకుని, ఒక రాశి పక్కన కూర్చుని పత్తిలోంచి పుచ్చిన కాయలూ ఆకు తునకలూ ఏరేస్తోంది. కొడుకు హైదరాబాదులో మౌసులూ పెన్ డ్రైవులూ అమ్ముకుంటాడని ఆమె నమ్మకం. ఉద్యోగంలో చేరిన రోజు అతను చెప్పిన మాట అది.

"కంప్యూటర్ రిపేరుకొచ్చినామ్మా," అన్నాడు విజయ్. అమ్మ ముందు అతని భాష దానంతటదే ఊరికి తిరిగొస్తుంది. "నువ్వు ఇంటికి పో. నాకు ఆకలైతాంది, జల్దీ పోయి ఏమన్నా వండు."

"ఇప్పుడేం ఆకలిరా? సద్ది కట్టుకొచ్చినా, ఆడ సంచిలో ఉంది, తిను."

"నాకు వేడిగా కావల్ల."

"ఏం, పట్నం పోయినాక నాలిక పెరిగిందా? కూలి తీసుకున్నాక పని ఇడిసిపెట్టి ఎట్ల పోతార్రా? కొత్త సావుకారి సుధీర్ సారు. పొద్దున్నే, పని మొదలుపెట్టకముందే అందరికీ కూలి చేతిలో పెట్టినాడు. ప్రభువు సల్లగా సూడాల ఆయప్పను."

ఆ మాట విజయ్ చెవిన పడింది గానీ తలకెక్కలేదు. అతని ధ్యాసంతా జేబులోని పెన్ డ్రైవ్ మీదే ఉంది. బలవంతంగా లేపితే నలుగురూ చూస్తారు, ఆ నలుగురిలో రిమోట్ ఉన్నవాడూ ఉంటాడు. కన్నతల్లిని బాంబున్న షెడ్డులో కూర్చోబెట్టి వెనక్కి తిరగాల్సి వచ్చింది. ఏడుపు రాలేదు, కోపం వచ్చింది. ఎవరి మీదో తెలియని కోపం.

ఆఫీసు గదిలో వరసగా కంప్యూటర్లు. వాటి ముందు ఆపరేటర్ స్వప్న ఒక్కతే ఉంది. కార్డు చూపించి, ఆమె ఏమిటనేలోగా కుర్చీ లాక్కుని పెన్ డ్రైవ్ పెట్టేశాడు. టింగుమంది. అంతే. తెర మీద ఏమీ రాలేదు. తీసి మళ్ళీ పెట్టాడు. టింగ్. ఇంకో కంప్యూటర్‌కి పెట్టాడు. టింగ్.

"కనపడదన్నా," అంది స్వప్న. "ఈడ పెన్ డ్రైవులు కనపడవు."

"ఎందుకు కనపడవు?"

"అక్షరాలు ఖాళీ ల్యావు."

విజయ్ మై కంప్యూటర్ తెరిచాడు. తెరిచి, నోరు కూడా తెరిచాడు. ఏ నుంచి జెడ్ దాకా డ్రైవులన్నీ నిండిపోయి ఉన్నాయి. సి కంప్యూటర్‌ది, డి సీడీలది. మిగతా ప్రతి అక్షరం మీదా ఒక్కో కమీషన్ అంగడి పేరు.

సంగతేమిటంటే, ఈ షెడ్డులోని ప్రతి కమీషన్ వ్యాపారికీ నెట్‌వర్క్‌లో ఒక ఫోల్డర్ ఉంది. ఆ రోజు తన అంగడికొచ్చిన పత్తి లాట్ల వివరాలన్నీ అందులో పెడతాడు. కొనేవాళ్ళు తెర మీద అక్షరం నొక్కితే ఆ అంగడి సరుకు కనిపిస్తుంది. నెట్‌వర్క్ పెట్టిన రోజు, ఎవరి ఫోల్డర్‌కు ఏ అక్షరం అన్న దగ్గర షెడ్డులో స్థలాల కోసం కొట్టుకున్నట్టే కొట్టుకున్నారు. సంఘం ప్రెసిడెంటు గురురాజ శెట్టి మొదటి అంగడి తనదే కాబట్టి మొదటి అక్షరం 'ఏ' తనదేనన్నాడు. 'ఏ' పాతకాలం ఫ్లాపీకి కేటాయించింది సార్ అని కంప్యూటర్లు బిగించిన గణేష్ చెప్పబోయాడు. "ఫ్లాపీ ఎవురప్పా? ఆయప్పకు మార్కెట్లో లైసెన్సు ఉందా?" అని అడిగాడట గురురాజ. అక్కడితో ఆ చర్చ ముగిసింది.

"కంప్యూటర్ పెన్ డ్రైవ్‌ను చూస్తోంది. కూర్చోబెట్టడానికి కుర్చీ లేదు. అంతే కదా?" విజయ్ జుట్టు పీక్కున్నాడు. "సరే, ఎవరిదో ఒకటి డిస్‌కనెక్ట్ చేస్తా."

"సెయ్యి. నిల్చేది ల్యా."

చేశాడు. డబ్ల్యూ పోయింది. అతను పెన్ డ్రైవ్ తీసి మళ్ళీ పెట్టేలోగా డబ్ల్యూ తిరిగొచ్చి కూర్చుంది. ఇంకోసారి చేశాడు. ఇంకోసారి వచ్చింది. మూడోసారి మౌసును బల్లకేసి కొట్టాడు.

"పోయినేడు ఏలం రోజున ఎవురో ఎవురిదో అక్షరం తీసేసినారన్నా," స్వప్న చెప్పింది. "ఆ అంగడి సరుకు తెర మీద కనపడక పెద్ద గలాటా అయింది. అప్పట్నుంచి తీసేసినా మళ్ళా తనంతట తనే వచ్చేట్టు పెట్టినారు. ఎవురి అక్షరం వాళ్ళే వచ్చి, వాళ్ళ పాస్‌వర్డ్ కొడితేనే వదుల్తాది."

"అక్షరం లేకుండా పెన్ డ్రైవ్‌ని ఒక ఫోల్డర్‌కు తగిలించొచ్చు. అడ్మిన్ పాస్‌వర్డ్ చెప్పు చాలు."

"గణేషన్నకే తెల్సు. మంత్రాలయం పోయినాడు, గుండు కొట్టించుకోను. ఫోను ఎత్తడం ల్యా."

ఇయర్‌పీస్‌లో రాజేశ్వరమ్మ. "విజయ్, స్టేటస్?"

"దేశం మీద దాడి జరుగుతోంది మేడం. నేను అక్షరాలు దిద్దుకుంటున్నా!"

ఇక మిగిలింది కాళ్ళావేళ్ళా పడటమే. అతను షెడ్డులోకి పరిగెత్తి అంగడి అంగడికీ తిరిగాడు. సాకు ఒక్కటే, సర్వర్ చెకింగ్. ఐదే ఐదు నిమిషాలు మీ అక్షరం వదలండి.

"నాదే ఎందుకు? పక్కోనిది తీసుకోపో."

పక్కవాడు తన పక్కవాణ్ణి చూపించాడు. ఒకాయన, మా నాయన పేరు మొదటక్షరమప్పా, ఎట్లిస్తాను అన్నాడు. ఇంకొకాయన అక్షరానికి బదులు ఏమిస్తావన్నాడు. మరొకాయన, ఏలం గంట ముందర అడిగే మాటనా ఇది అని తిట్టి, పనిలో పనిగా ప్రింటర్ చెడిపోయింది చూసిపొమ్మన్నాడు. మన దగ్గర అమ్మబోతే అడవి, కొనబోతే కొరివి అంటారు. అడగబోతే ఆదోని అని విజయ్ ఆ పూట సొంతంగా కలుపుకున్నాడు.

చివరికి గురురాజ దగ్గరికొచ్చాడు. తెల్ల పంచె, నల్ల టోపీ, గంధం బొట్టు. ఆయన అంతా విని, చేతిలోని పత్తి పింజను సాగదీసి చూసుకుంటూ అన్నాడు.

"ఏమప్పా ఇంజనీరూ, ఏలం రోజు అక్షరం ఇడవడమంటే అంగడి మూసినట్టు. ఐదు నిమిషాల్లో కొనేటోడు వచ్చి నొక్కితే? నా పత్తి కనపడకుంటే? నన్ను నమ్మి సరుకు ఏసిన రైతుకు నేనేం చెప్పల్ల?"

"ఐదు నిమిషాలే సావుకారీ. మీ కాళ్ళు పట్టుకుంటా."

"కాళ్ళు పట్టుకో. అక్షరం అడగొద్దు."

విజయ్‌కి నిజం చెప్పేయాలన్నంత ఉక్రోషం వచ్చింది. నీ అక్షరంతో పాటు నువ్వూ బూడిదవుతావయ్యా పెద్దమనిషీ! కానీ చుట్టూ జనం. ఎవడి జేబులో రిమోట్ ఉందో తెలియదు. పళ్ళు నూరుకున్నాడు. అరుద్దామంటే అరవలేడు, కొడదామంటే ఎవర్ని కొట్టాలో తెలియదు. దూరంగా అమ్మ పక్కామెతో ఏదో చెప్పి నవ్వుతోంది.

"ఏదో అక్షరం కావాలంటున్నారట? నాది తీసుకోండి."

విజయ్ తిరిగి చూశాడు. మడత నలగని చొక్కా, నున్నటి గడ్డం, చేతిలో కారు తాళాలు. కొత్త వ్యాపారి సుధీర్. అందరి కంటే ఆఖరున లైసెన్సు తీసుకున్నాడు గనక ఎవరికీ అక్కర్లేని క్యూ అక్షరం అతనికి దక్కింది.

"మీకు ఇబ్బంది లేదా?"

"నాకేం ఇబ్బంది? వేలానికి ఇంకా పది నిమిషాలుంది కదా. మీ పని కానివ్వండి. తిరిగి పెట్టడానికి తొందరేమీ లేదు."

ఆఫీసుకొచ్చి, పాస్‌వర్డ్ కొట్టి, నవ్వి, వెళ్ళిపోయాడు. క్యూ ఖాళీ అయింది. విజయ్ పెన్ డ్రైవ్ పెట్టాడు. టింగ్. క్యూ డ్రైవ్! తెర మీద, కళ్ళెదుట! స్వప్న చప్పట్లు కొట్టింది. విజయ్‌కి ఆ సుధీర్‌ను కౌగిలించుకోవాలనిపించింది. ప్రోగ్రాం నొక్కాడు. ఒక చిన్న పెట్టె వచ్చింది. ఫైల్ విప్పబడుచున్నది, దయచేసి వేచియుండండి. కింద పచ్చగీత, నత్తనడక.

వేచియుండండి!

తలుపు దగ్గర గురురాజ కనిపించాడు. తన 'ఏ' భద్రంగా ఉందో లేదో కళ్ళారా చూసుకోవడానికి వచ్చాడు.

"దొరికిందా నీకు అక్షరం? ఎవురిచ్చినారు?"

"సుధీర్ గారు. ఉన్నవాళ్ళలో మంచి మనిషి ఆయనొక్కడే," అన్నాడు విజయ్ దెప్పిపొడుస్తూ.

గురురాజ మొహం చిట్లించాడు. "మంచి మనిషే కావచ్చు. యాపారస్తుడు మాత్రం కాదు. మా తాత కాలం నుంచి ఈ మార్కెట్లో ఉండాం. ఏలం గంట ముందర అంగడి మూసేటోణ్ణి నేను చూడల్యా. అట్లిచ్చినాడంటే వానికి సరుకన్నా ఉండకూడదు, అమ్మే ఉద్దేశమన్నా ఉండకూడదు."

విజయ్ చెయ్యి మౌసు మీద అలాగే ఆగిపోయింది.

ఊరందరిదీ ఒక దారైతే ఉలిపికట్టెది ఒక దారి. షెడ్డులో ఇంతమందిని అడిగితే ఒక్కడూ ఇవ్వలేదు. అడక్కుండానే వచ్చి ఇచ్చినవాడు ఒక్కడు. తిరిగి పెట్టడానికి తొందర లేదన్నాడు. పని మొదలుకాకముందే కూలీలందరికీ కూలి ఇచ్చేశాడు. పదకొండు దాటాక తన అంగడితో గానీ, అక్షరంతో గానీ, కూలీలతో గానీ పని పడనివాడికే అంత ధారాళం! ఆ కూలీల్లో సారమ్మ ఉంది. ఆమె కూర్చుంది అతని రాశి పక్కనే.

పచ్చగీత సగం కూడా దాటలేదు. విజయ్ దాన్ని దాని ఖర్మానికి వదిలేసి బయటికి దూకాడు.

వేలం గంట మోగింది. జనం పొలోమని షెడ్డులోకి వస్తున్నారు. గేటు వైపు చూశాడు. సుధీర్ కారు బయటికి పోవడానికి హారన్ మీద హారన్ కొడుతోంది. పత్తి లారీలు దారి ఇవ్వడం లేదు. ప్రాణం మీదికి వస్తే తప్ప, తాను గేటు దాటేదాకా వాడు రిమోట్ నొక్కడు. కారు దిగి నడక మొదలుపెట్టాడు, చెయ్యి జేబులో ఉంది. అటు పరిగెడితే మూట మిగిలిపోతుంది. మూట దగ్గరికి పోతే వాడు గేటు దాటేస్తాడు. విజయ్ ఒక్కడు. నిద్రపుచ్చే పెన్ను ఎమ్మిగనూరులోనే ఖాళీ అయింది.

అప్పుడు అతను గూఢచారిలా ఆలోచించడం మానేసి ఆదోని మనిషిలా గొంతు చించుకున్నాడు.

"గురురాజ సావుకారీ! సుధీర్ సారు అంగడి మూసి పరారైతాండాడు! ఏలం కాకముందే పోతాండాడు! రైతుల సరుకు ఈన్నే ఉంది, ఆయప్ప పోతాండాడు!"

షెడ్డంతా లేచింది. బాంబు అని అరిచుంటే జనం బయటికి పరిగెత్తేవాళ్ళు. వ్యాపారి పారిపోతున్నాడంటే ఆ మార్కెట్లో జనం వాడి వైపే పరిగెడతారు. రైతులు, హమాలీలు, లారీ డ్రైవర్లు, పంచె ఎగగట్టి గురురాజ. హమాలీ మేస్త్రి మాదన్న సుధీర్ రెండు మణికట్లనూ పత్తి బేలు పట్టినట్టు పట్టి పైకెత్తాడు. "యాడికి సారూ, లెక్క సూడకుండా?"

ఆ గలాటాకు రాజేశ్వరమ్మ మామూలు బట్టల్లో బయట కాపలా పెట్టిన పోలీసుల ఈలలు కూడా తోడయ్యాయి.

విజయ్ అప్పటికి అమ్మ దగ్గరికి చేరాడు. "అమ్మా! ఈ మూటల్లో ముట్టొద్దన్నది ఏదన్నా ఉందా?"

"ఉంది. నేను ఆనుకున్న ఇదే. సీడ్ పత్తి, ఇప్పొద్దన్నాడు. ఏం రా?"

మాట పూర్తి కాకముందే మూటను లాగి భుజానికెత్తుకున్నాడు. పత్తికి ఉండకూడనంత బరువు. ఎడ్లు నీళ్ళు తాగే సిమెంటు తొట్టి షెడ్డు చివర ఉంది. అక్కడిదాకా ఎలా పరిగెత్తాడో అతనికే తెలియదు. మూటను తొట్టిలో పడేసి, తానూ దూకి, మోకాళ్ళతో అడుగుకి తొక్కిపట్టాడు. గేటు దగ్గర మాదన్న పట్టు సడలింది. ఎవరో "జేబులోంచి ఏందో తీస్తాండాడు" అని అరిచారు. ఆ ఒకే ఒక్క క్షణంలో సుధీర్ బొటనవేలు బటన్ మీద పడింది.

తొట్టిలో బుడగలు వచ్చాయి. ఇంకొన్ని వచ్చాయి. ఆగిపోయాయి. ఒక ఎద్దు తల వంచి వాసన చూసి, ఈ నీళ్ళు వద్దని తప్పుకుంది.

"ఏంరా నీకు పిచ్చి పట్టిందా!" సారమ్మ రొప్పుతూ వచ్చింది. "పత్తిని నీళ్ళల్లో ముంచుతావా? తడిసిన పత్తి ఎవురు కొంటార్రా? ఆ సావుకారికి ఏం సమాధానం సెప్పల్ల నేను?"

విజయ్ తొట్టిలో నిలబడే అమ్మను కౌగిలించుకున్నాడు. నీళ్ళు కారుతున్నాయి, అందులో కళ్ళనీళ్ళెన్నో అతనికి తెలియదు. భయం ఇప్పుడొచ్చింది. సారమ్మ తిట్లు ఆపి, తల గుడ్డ విప్పి కొడుకు తల తుడిచింది.

"ఏమైందిరా నాయనా? యాపారం బాగలేదా?"

"బాగలేదమ్మా," అన్నాడు విజయ్. "పెన్ డ్రైవులు ఎవురికీ కనపడటం ల్యా."

తొట్టి పక్కన పడేసిన బ్యాగులోంచి ఎమ్మిగనూరు చీర తీసి ఆమె చేతిలో పెట్టాడు. దాని బిల్లు ఆఫీసుకు చేరడానికి ఇంకా రెండు రోజులుంది.

మూటనూ సుధీర్‌నూ పోలీసులు తీసుకుపోయాక, తడి బట్టలతో ఆఫీసు గదికి తిరిగొచ్చాడు. చెవిలో రాజేశ్వరమ్మ మెచ్చుకుంది. మాధురి క్షేమంగా మన మనుషుల దగ్గరికి చేరిందని చెప్పింది. పచ్చగీత చివరిదాకా వచ్చి ఆగి ఉంది. ఫైల్ తెరుచుకుంది. సుధీర్ అంగడి బోర్డు ఫొటో, దాని ముందు మూట, మూట మీద ఎర్ర గుర్తు. అంతా స్పష్టంగా, అందంగా, ఆలస్యంగా ఉంది. బ్యాగులో ఫోను మోగింది. హెల్ప్ డెస్క్ మెసేజ్. మీ టికెట్ కమిటీ ముందుకు వెళ్ళింది, ఓపికకు ధన్యవాదాలు.

విజయ్ నవ్వలేదు. నవ్వితే ఏడుపొస్తుందని తెలుసు.

వెనక గుమ్మంలో గుసగుసలు. గురురాజ, ఆయన వెనక మరో నలుగురు వ్యాపారులు.

"అప్పా ఇంజనీరూ," అన్నాడు గురురాజ దగ్గరికొచ్చి, గొంతు తగ్గించి. "ఆ క్యూ ఇప్పుడు ఖాళీనే గదా? మా అల్లుడు కొత్తగా అంగడి పెడతాండాడు..."

"ముందు అడిగింది నేను!" అన్నాడు వెనకనుంచి ఒకాయన.

"సావుకారీ, ఒక్క మాట వినండి," విజయ్ చేతులు జోడించాడు. "ఆ ఒక్క అక్షరం ఎవరికీ ఇవ్వకండి. పెన్ డ్రైవ్ కోసం వదిలేయండి. మళ్ళీ అవసరం పడొచ్చు."

గురురాజ టోపీ సర్దుకుని ఆలోచించాడు. న్యాయం తప్పే మనిషి కాదు. అడగాల్సింది అడిగాడు.

"పెన్ డ్రైవా? ఆయప్ప ఎన్నేండ్ల నుంచి యాపారం జేస్తాండాడు?"